ముందే కడుక్కొచ్చిన కాళ్ళు

బంగారయ్య పంతొమ్మిది సార్లు తోటివాళ్ళ కాళ్ళు కడిగాడు. సారికి పన్నెండు మంది. చివరిసారి మాత్రం తొమ్మిది మందే దొరికారు. అన్ని కాళ్ళలో మురికి కాలు ఒక్కటి కూడా ఆయన చేతికి రాలేదు.

రాయ్‌పూర్ తెలుగువాళ్ళలో క్రైస్తవులు కూడా ఉన్నారంటే మిగతా తెలుగువాళ్ళే ఒక నిమిషం ఆగి ఆలోచిస్తారు. బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి రైలు పట్టాల వెంబడే వచ్చి, వ్యాగన్ రిపేరు షాపులోనో స్టేషన్లోనో కుదురుకున్న నలభై కుటుంబాలు. భన్‌పురిలో లారీ గోదాముల వెనక హిందీ సంఘం వాళ్ళకి ఒక పాత ఇటుకల చర్చి ఉంది. ఆదివారం ఉదయం ఏడు నుంచి ఎనిమిదీ ముప్పావు దాకా దాన్ని తెలుగువాళ్ళు వాడుకోవచ్చు. తొమ్మిదికి హిందీ ఆరాధన. ముందు వచ్చేది తెలుగువాళ్ళు కాబట్టి తాళం తీయడం, ఊడవడం, జంపఖానాల్లాంటి దరీలు పరవడం, కుండల్లో నీళ్ళు నింపడం వాళ్ళ పని. ఒప్పందం అంతే. కాగితం కూడా లేదు.

ఊడవడం అంటే చీపురు ఆడించి వచ్చేయడం కాదు. సిల్తారా ఇనుప ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి మళ్ళిన రాత్రి, తెల్లారేసరికి కిటికీ గట్ల మీద, బల్ల మీద, నేల మీద కాటుక లాంటి పొడి పరుచుకుంటుంది. పొడిచీపురుతో లేపితే పోయి గోడకి అంటుకుంటుంది. తడిగుడ్డ పెట్టాలి, రెండుసార్లు పిండాలి, మళ్ళీ పెట్టాలి. బంగారయ్య ఐదింటికే వెళ్ళేవాడు.

ఆయన ఆ పనిలోకి వచ్చిన తీరు చెప్పాలి. 2003లో సంఘ పెద్ద పదవి కోసం పెద్ద రగడ జరిగింది. రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు సూర్యారావు ఒక వైపు, ఒక రిటైర్డ్ గార్డు ఇంకో వైపు. రెండు ఆదివారాలు ప్రార్థన కంటే కేకలే ఎక్కువయ్యాయి. నెలకోసారి విశాఖ నుంచి వచ్చే పాస్టరుగారు విసిగిపోయి ఒక తీర్పు చెప్పాడు.

"పెద్దగా ఉండాలనుకున్నవాడు సేవకుడిగా ఉండాలా, వద్దా? ఉండాలి కదా. సరే. పెద్ద అయినవాడే ఏడాది పొడుగునా ఊడవాలి. దరీలు పరవాలి, నీళ్ళు మొయ్యాలి, జబ్బు పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళాలి. గుడ్ ఫ్రైడే ముందు గురువారం నాడు కాళ్ళు కూడా ఆయనే కడగాలి. ఇప్పుడు చెప్పండి, ఎవరు నిలబడతారు?"

గార్డుకి వెంటనే నడుంనొప్పి గుర్తొచ్చింది. సూర్యారావు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అయ్యగారూ, నాకు ఆఫీసులో ఇన్‌స్పెక్షన్లు ఉంటాయి. అయినా రాతకోతలు ఎవరో ఒకరు చూడాలి కదా, సెక్రెటరీగా ఉంటాను" అన్నాడు.

"అయితే ఇప్పుడు ఊడుస్తున్నది ఎవరు?"

అందరూ వెనక్కి తిరిగారు. తలుపు దగ్గర చెప్పులు వరసగా సర్దుతున్న మనిషి తలెత్తాడు. వ్యాగన్ షాపులో ఫిట్టరు, నలభై ఏడేళ్ళవాడు, ఎవరి గొడవలోనూ నోరు పెట్టనివాడు.

"నానేనండి" అన్నాడు బంగారయ్య, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

చప్పట్లు కొట్టారు. ఆ రోజు అందరికీ కళ్ళు చెమర్చాయట. సూర్యారావు ఇప్పటికీ ఆ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తాడు. నిజానికి జరిగిందేమిటంటే, ఊడ్చే మనిషికి సంఘ పెద్ద అని పేరు పెట్టారు. సంఘాన్ని నడిపేది మాత్రం సెక్రెటరీ. పాస్టరు ఎప్పుడు రావాలో, క్రిస్మస్‌కి ఎవరు మాట్లాడాలో, గురువారం ఎవరి కాళ్ళు కడగాలో సూర్యారావు రాసిన చీటీలో ఉండేది. ప్రతి జనవరిలోనూ ఎన్నిక జరిగేది. "ఇంకెవరైనా ఉన్నారా?" అని సూర్యారావు అడిగేవాడు. ఎవరి చెయ్యీ లేచేది కాదు. "అయితే మన బంగారయ్యగారే!" చప్పట్లు.

ఇక గురువారం ఆచారం. కరోనా రెండేళ్ళు తప్ప ఏటా జరిగింది. గుడ్ ఫ్రైడేకి ముందు సాయంత్రం ప్రభువు తువ్వాలు నడుముకి చుట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగినందుకు గుర్తుగా, పెద్ద కూడా పన్నెండు మందిని కుర్చీల్లో కూర్చోబెట్టి కడుగుతాడు. చీటీలో పేరు రావడం గౌరవం. పేరు వచ్చినవాళ్ళు ఆ మధ్యాహ్నం ఇంట్లో బక్కెట్టు ముందు కూర్చుని, మడమలు రాయితో తోమి, సబ్బు రుద్ది, గోళ్ళు తీసుకుని, ఆడవాళ్ళయితే కాస్త నూనె కూడా రాసుకుని వస్తారు. పెద్దాయన ముట్టుకునే కాళ్ళు కదా! ఒక ఏడాది సూర్యారావు కాలి వేళ్ళ మధ్య టాల్కం పౌడరు ఉంటే, నీళ్ళు పడగానే అది పాలలా తేలింది. బంగారయ్య గోరువెచ్చని నీళ్ళు పోసి, శుభ్రమైన కాళ్ళని శ్రద్ధగా కడిగి, మెత్తటి తువ్వాలుతో ఒత్తి, తల వంచి నమస్కారం చేసేవాడు. షాపు నుంచి గ్రీజు కాళ్ళతో నేరుగా వచ్చే ఖలాసీ పేరు ఆ చీటీలో ఒక్కసారి కూడా లేదు.

ఇంతవరకూ వింటే బంగారయ్య ఒక అమాయకుడు, మిగతావాళ్ళు ఆయన్ని వాడుకున్నవాళ్ళు అనిపిస్తుంది. అలా అనుకోవడం సుఖం. అయితే అందులో సగమే నిజం.

2011లో మాలతి అనే అమ్మాయి, ప్రైవేటు బళ్ళో టీచరు, ఒక ఆదివారం ఐదున్నరకే చర్చికి వచ్చేసింది. చీపురు వెతికితే దొరకలేదు. మూలనున్న దరీ చుట్ట ఎత్తి భుజాన వేసుకుంది. బంగారయ్య తడిగుడ్డ పారేసి పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యయ్యో, ఏటమ్మా ఇది? దించీ, దించీ."

"రెండు పరుస్తాను మావయ్యా. ఏమవుతుంది?"

"వారమంతా బడికెళ్ళి అలిసిపోయుంటావు. కూకో తల్లీ. నానున్నాను గదా."

దరీ ఆమె భుజం మీంచి తీసుకున్నాడు. బతిమాలినట్టే తీసుకున్నాడు, కానీ గట్టిగానే తీసుకున్నాడు. తరవాత వారం కూడా వచ్చిందామె. తరవాత వారం కూడా ఆయన తీసుకున్నాడు. మూడో వారం నుంచి ఆమె ఏడింటికి అందరితోపాటే వచ్చి, పరిచి ఉన్న దరీ మీద కూర్చుంది. ఇలాంటివాళ్ళు ఆ ఇరవయ్యేళ్ళలో నలుగురైదుగురు ఉన్నారు. ఆయనకి సేవ చేయడం ఎంత ఇష్టమో, పక్కవాడు చేస్తుంటే చూడడం అంత కష్టం. దీన్ని వినయం అన్నారు. ఇంకో పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు, ఆయనకి అసలే తోచలేదు.

తొమ్మిదింటికి వచ్చే హిందీవాళ్ళకి ఈ సంగతులేవీ తెలియవు. అద్దంలా మెరిసే నేల, వంకర లేని దరీలు, నిండిన కుండలు చూసి, "తెలుగు వాలోఁ కీ టీమ్ బడీ అచ్ఛీ హై", తెలుగువాళ్ళ టీము భలే మంచిది అనుకునేవారు. ఆ టీములో ఉన్నది ఒక్కడే.

2023 ఆగస్టులో ఆ ఒక్కడు తడినేల మీద జారి, భుజాన దరీ చుట్టతోనే పడ్డాడు. తుంటి ఎముక చిట్లింది. మూడు నెలలు మంచం అన్నారు, ఐదు పట్టింది.

మొదటి ఆదివారం ఏడింటికి తెలుగు సంఘం చర్చి గేటు దగ్గర గుమిగూడింది. తాళం ఉంది. తాళంచెవి బంగారయ్య దిండు కింద ఉంది. ఆయన ఇంటికి నడక పది నిమిషాలు. అక్కడ ఇరవై ఆరు మంది ఉన్నారు, ఐదు మోటారు సైకిళ్ళు ఉన్నాయి. వాళ్ళు గేటు బయట నిలబడి, ఆయన త్వరగా కోలుకోవాలని పావుగంట ప్రార్థన చేసి, ఇళ్ళకి వెళ్ళిపోయారు. ప్రార్థన బాగా జరిగిందని సూర్యారావు ఫోన్ చేసి చెప్పాడు కూడా.

ఫోన్ పెట్టేశాక బంగారయ్య దిండు కింద చెయ్యి పెట్టి తాళంచెవి తడిమాడు. తరవాత భార్య అన్నమ్మని అడిగాడు. "తాళం సంగతి ఎవులూ అడగలేదేటి?"

"ఎవులు అడుగుతారు? ఆళ్ళకి తలుపుకి తాళం ఉంటదనే తెల్దు. ఎప్పుడొచ్చినా తెరిసే ఉంటది గదా."

రెండో వారం నుంచి అన్నమ్మే వెళ్ళి తాళం తీసింది. ఆమెకి అరవై మూడు, నడుం వంగదు. ఊడవగలిగినంత ఊడ్చింది, దరీలు మోయలేక వదిలేసింది. తెలుగువాళ్ళు వచ్చి నల్లపొడి మీద రుమాళ్ళు పరుచుకుని కూర్చున్నారు. తొమ్మిదింటికి వచ్చిన హిందీవాళ్ళు బోసి నేల చూసి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

జనవరిలో హిందీ సంఘం సెక్రెటరీ పళ్ళు పట్టుకుని పరామర్శకి వచ్చాడు. మంచివాడు. "జయ్ మసీహ్ కీ అంకల్‌జీ" అని మంచం పక్కన కూర్చుని, నసుగుతూ అసలు మాట చెప్పాడు. మా పిల్లల క్లాసులకి ఉదయం ఏడు గంటల సమయం కావాలని కొందరు అడుగుతున్నారు. తెలుగు ఆరాధన ఆపాలని కాదు. ఈస్టర్ లోపల ఒక్క పేరు ఇవ్వండి. తాళం తీసి, ఊడ్చి, దరీలు పరిచే బాధ్యత తీసుకునే ఒక్క మనిషి పేరు, ఫోన్ నంబరు. చాలు. లేకపోతే తెలుగువాళ్ళు కూడా తొమ్మిదింటికి మాతోనే రండి, ఏం పరాయివాళ్ళమా?

అతను వెళ్ళాక అన్నమ్మ అంది, "తొమ్మిదింటికి నాను రాను."

నలభై నాలుగేళ్ళుగా ఆమె రాయ్‌పూర్‌లో ఉంది. సంతలో ఛత్తీస్‌గఢీలో బేరమాడితే కూరలావిడ చేతులెత్తేస్తుంది. "కూరలకి ఆ బాస సరిపోద్ది" అంది. "సచ్చిపోయిన నా కూతురు గురించి ఏసయ్యకి సెప్పుకోడానికి సరిపోదు. ఆ మాటలు నాకు ఇందీలో రావు."

ఒక్క పేరు. ఈస్టర్ మార్చి ముప్పై ఒకటిన. బంగారయ్య కర్ర పట్టుకుని బయల్దేరాడు.

మొదట ఉమేష్ దగ్గరికి. సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ప్లాంటులో పని, సంఘంలో డోలక్ వాయిస్తాడు, ముప్పై రెండేళ్ళు, ఎద్దులా ఉంటాడు.

"అంకుల్, మీ మాట కాదంటానా? శిఫ్ట్ కా చక్కర్ హై. శనివారం నైట్ పడితే ఆదివారం ఆరింటికి గేటు దాటతాను. సీదా వచ్చి డోలక్ వాయించడమే కష్టం."

"నైట్ లేని వారం?"

"అప్పుడు నిద్ర పోవద్దా మరి?" అని నవ్వాడు. "అయినా మీలా ఎవరు చేస్తారు అంకుల్? మీరు ఊడిస్తే అద్దం. నేను ఊడిస్తే మా అమ్మే తిడతాది."

సూర్యారావు ఇంట్లో కాఫీ ఇచ్చారు. రిటైరై తొమ్మిదేళ్ళు, సంఘం సెక్రెటరీగా మాత్రం రిటైర్ కాలేదు. "మనం కమిటీ పెడదాం అన్నయ్యగారూ. ఉదయ సేవా కమిటీ. చైర్మన్‌గా మీరే ఉండాలి."

"సైర్మనొద్దు సూర్యారావూ. చీపురు పట్టుకునేవోడు కావాలి."

"దానికి కూడా ప్రార్థించాలి కదండీ. దేవుడు ఎవరినో లేపుతాడు."

"ఐదింటికి లేపాలి మరి" అన్నాడు బంగారయ్య. ఆయన జీవితంలో చెప్పిన వెటకారం బహుశా అదొక్కటే. సూర్యారావుకి అందలేదు.

ఇంకో ఆరు ఇళ్ళు తిరిగాడు. మోకాళ్ళు, మనవలు, ట్యూషన్లు, షుగరు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. చివరికి ఆటో మాట్లాడుకుని ఊరవతల ఉన్న మందిర్ హసౌద్ వెళ్ళాడు. మాలతి పెళ్ళయి అక్కడ ఉంటోంది. ఇద్దరు పిల్లలు. ఆయన్ని చూసి ఆమె నిజంగానే సంతోషించింది, కుర్చీ వేసింది, కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. ఆయన అడిగాడు. ఆమె పిల్ల జడ విప్పి మళ్ళీ అల్లింది.

"మావయ్యా, ఇక్కణ్ణించి ఐదింటికి ఎలా రాను? మా పిల్లలకి తెలుగు చదవడం రాదు. మేం ఇక్కడే హిందీ చర్చికి పోతున్నాం. అక్కడ నాకు నెలకో వారం దరీల వంతు ఉంది."

"నీకా?"

"వెళ్ళిన మొదటి వారమే పేరు రాసేశారు. అడగను కూడా అడగలేదు." నవ్వింది. "మీరు మాత్రం ఇవ్వనే లేదు కదా, గుర్తుందా?"

ఆయనకి గుర్తుంది. ఆ క్షణం దాకా, అలిసిపోయిన పిల్ల మీద జాలిపడి చేసిన మంచిపనిగా గుర్తుంది. తిరుగు ఆటోలో ఆయన, భన్‌పురి మలుపు దాటించేసినా చెప్పలేదని ఆటో అతను తరవాత అన్నమ్మతో అన్నాడు.

గురువారం వచ్చింది, మార్చి ఇరవై ఎనిమిది. ఎండ అప్పుడే మండుతోంది. చీటీలో పన్నెండు పేర్లుంటే తొమ్మిది మంది వచ్చారు. కుర్చీలు, స్టీలు బేసిన్, వెచ్చటి నీళ్ళ బక్కెట్టు, తువ్వాలు అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. బంగారయ్య మధ్యాహ్నం నుంచీ అక్కడే కష్టం మీద కుంటుతూ ఊడ్చాడు. పాట అయిపోయాక ఆయన తువ్వాలు నడుముకి చుట్టుకోలేదు. ఒక కుర్చీ తీసుకొచ్చి అందరికీ ఎదురుగా వేసి, అందులో తానే కూర్చున్నాడు. చెప్పులు విడిచాడు. తువ్వాలు మీద తాళంచెవి పెట్టి, బేసిన్ పక్కన ఉంచాడు.

ఆయన కాళ్ళు నల్లగా ఉన్నాయి. మడమల పగుళ్ళలో సిల్తారా పొడి, వేళ్ళ మధ్య చెమటకి ముద్దకట్టిన పొడి. ఇరవయ్యేళ్ళలో ఆ బేసిన్ ముందుకి వచ్చిన మురికి కాళ్ళు అవే.

"ఇరవయ్యేళ్ళు నాను కడిగినాను" అన్నాడు. మాటలు వెతుక్కుంటూ అన్నాడు. "తప్పు సేసినాను. మీ చేతికి ఏ పనీ ఇవ్వలేదు. ఇయ్యాల ఎవులైనా ఒకలు లెగిసి నా కాళ్ళు కడగండి. కడిగినోళ్ళు ఆ తాళం తీస్కోండి. ఆదోరం లోపల పేరు సెప్పకపోతే మన ఆరాధన పోద్ది. అంతే."

ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు. అందరికీ అర్థమైంది. అదే చిక్కు.

మొదట సూర్యారావు లేచాడు. బేసిన్ వైపే రెండడుగులు వేశాడు. ఆగి, చేతులు జోడించాడు. కళ్ళలో నిజంగానే నీళ్ళు.

"అన్నయ్యగారూ, ఎంత మాటన్నారు! మీ కాళ్ళు ముట్టుకునే యోగ్యత మాలో ఎవరికుంది? మీరు మాకు దేవుడిచ్చిన సేవకులు. మీ కాళ్ళు కడగడమా? మేమా? మీకు మీరే సాటి. ఆ స్థానంలో వేరే మనిషిని ఊహించడం కూడా పాపం."

"ఆమేన్" అన్నారెవరో. "నిజమే, నిజమే." ఇంకొకావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. ప్రభువు కడగబోతే వద్దన్న శిష్యుడి సంగతి వాళ్ళకి చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. ఆ శిష్యుడు చివరికి ఒప్పుకున్నాడు. వీళ్ళ వినయం అంతకంటే గట్టిది. ఉమేష్ తల వంచుకుని డోలక్ తాడు బిగిస్తున్నాడు. ఎవరో పాట ఎత్తారు. నాలుగు చరణాల పాట. నాలుగూ పాడారు.

పాట ఆగాక అన్నమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి లేచింది. మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా వచ్చి, బేసిన్ ముందు వంగబోయింది.

"నీకు నడుంనొప్పి. కూకో" అన్నాడు బంగారయ్య. అనుకోకుండా అన్నాడు. చెయ్యి కూడా చాపాడు, ఆమెని ఆపడానికి.

అన్నమ్మ వంగినది వంగినట్టే ఆగి, ఆయన మొహంలోకి చూసింది.

"కూకోమంతారు" అంది మెల్లగా. "అందర్నీ కూకోబెట్టీసినారు. ఇంకెవులు లెగుస్తారు?"

ముందు వరసవాళ్ళకి వినిపించింది. వాళ్ళు ప్రార్థనలో ఉన్నట్టు కళ్ళు మూసుకున్నారు.

నీళ్ళు చల్లారిపోతున్నాయి. ఏదో ఒకటి జరగాలి కదా. తొమ్మిది మంది చెప్పులు విడిచి కుర్చీల్లో సిద్ధంగా ఉన్నారు, తొమ్మిది జతల కాళ్ళూ తెల్లగా, తోమినవి. బంగారయ్య కర్ర ఊతంతో లేచి, తాళంచెవి జేబులో వేసుకుని, తువ్వాలు నడుముకి చుట్టుకున్నాడు. తుంటి నొప్పికి కూర్చోలేక, ఒక మోకాలు ఆనించి, ఒక్కొక్కరి ముందుకీ జరుగుతూ వరసగా కడిగాడు. ఈసారి చాలామంది ఏడ్చారు. అంత మంచి గురువారం ఎప్పుడూ జరగలేదని సూర్యారావు ముగింపులో అన్నాడు. అందరూ వెళ్ళాక బంగారయ్య బయట కుళాయి దగ్గర తన కాళ్ళు తానే కడుక్కున్నాడు.

ఈస్టర్ నాటికి పేరు రాలేదు. సోమవారం ఆయనే వెళ్ళి తాళంచెవి హిందీ సెక్రెటరీ చేతికిచ్చాడు. అతను బాధపడ్డాడు, టీ తాగమన్నాడు.

తరవాతి ఆదివారం తొమ్మిదింటి ఆరాధనకి తెలుగు ఇళ్ళలో మూడే వచ్చాయి. సూర్యారావు రాలేదు, ఇంట్లోనే టీవీలో వాక్యం వింటున్నాడట. రానన్న అన్నమ్మ వచ్చింది. ఇంట్లో ఒక్కతే కూర్చుని ఏం చేస్తుంది? వెనక గోడకి ఆనుకుని కూర్చుని, పాటలప్పుడు పెదాలు కదిపింది. ప్రార్థనప్పుడు అవి కదల్లేదు. తలుపు పక్కన ఒక కాగితం అంటించి ఉంది. ఏ వారం ఎవరు తాళం తీయాలి, ఎవరు ఊడవాలి, ఎవరు పరవాలి. బంగారయ్య కళ్ళజోడు పెట్టుకుని ఆ పేర్లన్నీ పై నుంచి కింది దాకా చదివాడు. మళ్ళీ కింది నుంచి చదివాడు.

ఆరాధన అయ్యాక జనం లేస్తుంటే, ఆయన చేతులు వాటంతట అవే దరీ అంచు పట్టుకుని చుట్టడం మొదలుపెట్టాయి. నడుముకి చున్నీ బిగించుకున్న ఒక హిందీ ఆవిడ గబగబా వచ్చింది.

"రహనే దీజియే అంకల్‌జీ. ఆజ్ హమారీ బారీ హై" అంది. ఇవాళ తమ వంతని చాలా ప్రేమగానే అంది. "ఆప్ బైఠియే, థక్ గయే హోంగే." అలిసిపోయుంటారు, కూర్చోండి అని.

దరీ ఆయన చేతుల్లోంచి తీసుకుంది.

బంగారయ్య కూర్చోవడానికి చుట్టూ చూశాడు. దరీలన్నీ చుట్టేస్తున్నారు. కూర్చునే చోటు లేదు.